తులిప్ తోటకి పిల్లలతోనా? ముందు రబ్బరు బూట్లు కొనండి

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా అన్నయ్య కూతురు, దాని ఇద్దరు పిల్లలతో (ఆరేళ్ళ పిల్లాడు, మూడేళ్ళ పాప) కలిసి పొద్దున్నే కడియపులంక పూల మార్కెట్‌కి వెళ్ళాం. ఫిబ్రవరిలో వాళ్ళు అమెరికాలో సియాటెల్ దగ్గరికి వచ్చేస్తున్నారు. చామంతి కుప్పల మధ్య నిలబడి అది అడిగిన మొదటి ప్రశ్న స్కూలు గురించీ కాదు, ఇల్లు గురించీ కాదు. "బాబాయ్, ఏప్రిల్లో అక్కడ తులిప్ పండగంట కదా, ఆ ఫోటోలు చూస్తుంటే చీర ఇప్పుడే కొనేయాలనిపిస్తోంది, పిల్లల్ని తీసుకెళ్తే ఇబ్బందా?" అంది. అక్కడి కేకల్లో నేను చెప్పింది సగం కూడా దానికి వినపడలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను, చిన్న పిల్లలతో కొత్తగా వచ్చే మిగతావాళ్ళకీ పనికొస్తుంది.

ముందు చీర సంగతి. అమ్మా, కట్టుకో, కానీ అంచు పిక్క మీదకుండేలా కట్టుకో. ఆ తులిప్ పొలాలు స్కాజిట్ నది తెచ్చిన ఒండ్రు మట్టి, మన కోనసీమలాగే నదికి గట్లు పోసి, నీళ్ళు బయటికి పంపి సాగు చేస్తున్న డెల్టా నేల. (రాసేది స్కాగిట్‌లా ఉంటుంది, పలికేది స్కాజిట్ అని, కొత్తలో నేనూ తప్పే పలికాను.) ఏప్రిల్లో అక్కడ వాన, ఎండ, చలిగాలి గంటకోసారి మారతాయి. నాట్ల చేలో దిగినట్టు కాలు దిగబడుతుంది. పిల్లలకి రబ్బరు బూట్లు, రెండు జతల సాక్సులు, ఒక ప్యాంటు ఎక్కువ. స్ట్రోలర్ (పిల్లల తోపుడు బండి) బురదలో కదలదు, మూడేళ్ళ దాన్ని ఎత్తుకోవడానికి సిద్ధపడే వెళ్ళండి.

ఈ స్కాజిట్ వ్యాలీ తులిప్ పండగ 1984లో మొదలైంది, ఏటా ఏప్రిల్ నెలంతా ఉంటుంది. మన తీర్థంలా ఒక మైదానం, ఒక గేటు ఉంటాయనుకోవద్దు. మౌంట్ వెర్నన్, లా కానర్ ఊళ్ళ చుట్టూ పొలాలు, వాటి మధ్య రూజెన్‌గార్డ్, తులిప్ టౌన్ లాంటి తోటలు, ఒక్కో తోటకి టికెట్ వేరు. పిల్లలతో ఒక రోజుకి ఒక్క తోట చాలు, డబ్బు పెట్టి వచ్చాం కదా అని రెండోదానికి లాక్కెళితే కార్లో ఏడుపులే. ఇంకోటి, తేదీలు క్యాలెండర్‌లో ఉంటాయి కానీ పూలు క్యాలెండర్ చూసుకుని పూయవు. వెచ్చటి ఏడాదైతే మార్చి చివరికే మొదలైపోతాయి, చలి ఎక్కువైతే ఏప్రిల్ మధ్య దాకా మొగ్గలే. పూత ఎంతవరకు వచ్చిందో పండగవాళ్ళు ఆన్‌లైన్‌లో చెబుతూ ఉంటారు, అది చూశాకే టికెట్ కొనండి. నిరుటి ఫోటో పట్టుకుని అదే పొలం వెతక్కండి కూడా. మనం వరి కోశాక మినుము చల్లినట్టు వాళ్ళూ పంట మారుస్తారు, నిరుడు తులిప్ ఉన్నచోట ఈసారి బంగాళాదుంప ఉండొచ్చు.

మేము మొదటిసారి చేసిన తప్పు శనివారం మధ్యాహ్నం వెళ్ళడం. సియాటెల్ నుంచి ఐ-5 హైవే మీద 60 మైళ్ళు, గంటా గంటంపావులో వచ్చేశాం, హైవే దిగాక మాత్రం రావులపాలెం బ్రిడ్జి మీద లారీ ఆగిపోయినట్టు కదలిక లేదు. వెనక సీట్లో మావాడు "నాన్నా, అర్జెంట్" అంటాడు, రెండు పక్కలా పొలాలు, ఎక్కడా దిగడానికి లేదు. పని దినాల్లో, తోట తెరిచే వేళకి అక్కడుండండి, హైవే దిగేముందే బాత్రూం పని కానిచ్చేయండి. స్కూళ్ళకి ఏప్రిల్లో ఒక వారం సెలవులిస్తారు, ఆ వారం మధ్యలో వెళ్ళినా జనమే. కార్లో పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం మాత్రం మర్చిపోండి. సియాటెల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్ర చట్టం ప్రకారం 4 అడుగుల 9 అంగుళాల ఎత్తు వచ్చేదాకా పిల్లల కార్ సీటో, ఎత్తు పెంచే బూస్టర్ సీటో ఉండాల్సిందే. ఫ్రెండ్ కారే కదా అని వదిలేయకూడదు.

అసలు టెన్షన్ పూల దగ్గర. మన పిల్లలు నాయనమ్మ వెనకాల సజ్జ పట్టుకుని తిరిగినవాళ్ళు, పక్కింటి గోడ మీంచి వాలిన మందారం పూజకి కోయడం వాళ్ళ దృష్టిలో తప్పే కాదు, మనమే కదా నేర్పించాం. ఆ రోజు మావాడు నేను టోపీ సర్దుకునేలోపు వరసల మధ్యకి పరిగెత్తి ఒక ఎర్రపువ్వు తుంచి, "అమ్మా, స్వామికి" అని వాళ్ళమ్మ చేతిలో పెట్టాడు. తోటావిడ కోయకూడదని నవ్వుతూనే చెప్పింది, కానీ చుట్టూ ఉన్నవాళ్ళు చూసిన చూపుకి మా ఆవిడ ఆ పువ్వు ఎక్కడ దాచాలో తెలీక చేతిసంచిలో పెట్టేసింది. అందుకే ఇంట్లోనే చెప్పండి, ఇది మన చేను కాదు, రైతు చేను, వరసలోకి దిగితే కింద దుంప పాడవుతుంది అని. "ముట్టుకోకు" అంటే వినరు, "దుంప నలిగిపోతుంది" అంటే వింటారు.

దుంప అంటే గుర్తొచ్చింది. తర్వాతి ఏడాది కాస్త ఆలస్యంగా వెళ్తే ఒక పొలం పొలమంతా తలలు లేకుండా ఆకులే నిలబడి ఉంది, మావాడు బిక్కమొహం పెట్టాడు. పువ్వు తలలు రైతులే తీసేస్తారు, బలమంతా దుంపకి దిగాలని. కందకి మనం పువ్వు కోసం చూస్తామా? ఇదీ అంతే. కడియపులంకలో నర్సరీ ఆయన "ఆ దుంపలు నాలుగు పట్రండి సార్, వేసి చూద్దాం, ఆయ్" అన్నాడు కానీ, వాటికి పూత రావాలంటే మూడు నెలలపైన గట్టి చలి పడాలి, గోదావరి జిల్లా పుష్యమాసం దానికి చాలదు. పైగా దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా దుంపలు ఇండియాకి తేకూడదు. మన దేశంలో చూడాలంటే శ్రీనగర్ తులిప్ తోటకి వెళ్ళాలి.

తిండికి పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళండి, కార్ దగ్గర తినేసి లోపలికి నడవండి. లోపల గంటన్నర, అంతకంటే సాగదీస్తే చిన్నదానికి నిద్ర వేళ దాటుతుంది. ఫోటోలు మొదటి పావుగంటలోనే తీసేసుకోండి, ఆ తర్వాత బట్టలకి గ్యారంటీ లేదు. ఆ పావుగంట అయ్యాక వాళ్ళని వదిలేయండి, మావాడికి పువ్వులకంటే నీటి గుంటలే నచ్చాయి.

వచ్చేటప్పుడు మాత్రం ఒక కట్ట కొనివ్వండి, ఇంకా విచ్చని మొగ్గలవి. మార్కెట్లో మా మనవడు, ఆరేళ్ళవాడు, "చిన్న తాతయ్యా, అక్కడ కిలో ఎంత?" అని అడిగాడు, కిలోల్లో అమ్మరురా, కట్టల్లో అని చెప్పాను. కోసిన తులిప్ గ్లాసులో కూడా పెరుగుతుంది, వెలుతురు ఉన్నవైపుకి వంగుతుంది. చల్లటి నీళ్ళు పోసి కిటికీ పక్కన గోడకి ఆనించి పెట్టి, పొద్దున్నే ఎంత పొడుగైందో పెన్సిల్‌తో గీత గీయమనండి. స్వామి దగ్గర కూడా పెట్టుకోవచ్చు, కొన్నదే కదా. మూడేళ్ళ దానికి మాత్రం అందనివ్వకండి, కాడ, దుంప నోట్లో పెట్టుకోకూడదు, రసం తగిలితే చర్మం దురద పెడుతుంది. మా అద్దె ఇంటి గోడ మీద గీతలు ఐదో రోజుకి బొటనవేలంత పైకెళ్ళాయి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు వాటిని చెరపడానికి నాకు సగం రోజు పట్టింది, మీరు గోడకి కాగితం అంటించి గీయించండి.