చిన్న కారుకు సైకిళ్ల కోసం వెనక హిచ్ పెట్టించవచ్చా?

బెంగళూరులో ఉంటూ, హ్యాచ్‌బ్యాక్‌లో రెండు సైకిళ్లు నంది హిల్స్‌కి తీసుకెళ్లాలని అడిగారు కదా. హిచ్ అంటే ట్రైలర్ లాగడానికో, సైకిల్ రాక్ తగిలించడానికో కారు వెనక అడుగున బిగించే ఉక్కు అమరిక. అది పెట్టించవచ్చు. కానీ రెండు సైకిళ్లకే అయితే నేను ముందు డిక్కీకి బెల్టులతో కట్టే రాక్ చూస్తాను.

హిచ్ ఎంత బరువు లాగుతుందన్నది మీకు అనవసరం. దాని మీద కిందికి ఎంత బరువు మోపవచ్చో అడగండి. రెండు మామూలు సైకిళ్లు 30 కిలోల దాకా ఉంటాయి, పైగా రాక్ బరువు. అదంతా బంపర్ బయట వేలాడుతుంది కాబట్టి, గుంతలో పడ్డప్పుడల్లా బోల్టుల మీద అంతకు ఎన్నో రెట్లు ఒత్తిడి పడుతుంది. మన రోడ్ల సంగతి చెప్పేదేముంది!

ఈ కార్లకు విడిగా ఛాసిస్ (అడుగు చట్రం) ఉండదు, బాడీయే ఆధారం. అందుకే అడుగున ఉన్న ఉక్కు దూలాలకే బోల్టులతో బిగించాలి. బంపర్‌కి తగిలిస్తాననే, వెల్డింగ్ చేస్తాననే మెకానిక్‌కి దండం పెట్టి వచ్చేయండి. వారంటీ గురించి షోరూంలో ముందే రాతపూర్వకంగా అడగండి.

ఏ రాక్ అయినా నంబర్ ప్లేట్, బ్రేక్ లైట్లు సైకిళ్ల చాటున పడకూడదు. రివర్స్ సెన్సర్లు మాత్రం గోల చేస్తాయి, ఆపేసుకోండి.