రబ్బరు బేరింగుల పరీక్ష నివేదికలో ఏం చూడాలి?

ప్రశ్న: మా ఊళ్లో నాలుగంతస్తుల ఆసుపత్రి కట్టబోతున్నాం. భూకంపం వచ్చినా దెబ్బతినకుండా పునాదిపై రబ్బరు బేరింగులు పెట్టిస్తామని, వాటికి పరీక్ష నివేదిక కూడా ఉంటుందని ఇంజనీరు గారు అంటున్నారు. గోదావరి వంతెనల దూలాల కింద ఉండే రబ్బరు దిమ్మలే ఇవా? నివేదికలో మేం ఏం చూడాలి?
— ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: చూపుకు ఒకేలా ఉన్నా పని వేరు. వంతెన దిమ్మ ప్రధానంగా ఎండకు దూలం సాగడాన్ని ఓర్చుకుంటే చాలు. భవనం కింది బేరింగు పై బరువంతా మోస్తూనే, నేల కదిలినప్పుడు జానెడు, ఒక్కోసారి అంతకు మించి పక్కకు ఒరిగి, తిరిగి తన చోటికి రావాలి. అందుకే అందులో రబ్బరు, ఉక్కు రేకులు పూతరేకు పొరల్లా ఒకదానిపై ఒకటి అతికి ఉంటాయి. కొన్నింటి నడుమ కంపన శక్తిని మింగే సీసపు కడ్డీ ఉంటుంది. 2001 భూకంపం తరువాత భుజ్‌లో తిరిగి కట్టిన ఆసుపత్రి ఇలాంటి సీసపు బేరింగుల మీదే ఉంది.

పరీక్షించినది అసలు పరిమాణంలోని బేరింగునా, చిన్న నమూనానా అన్నది ముందు చూడండి. స్తంభం మోపే బరువును యంత్రంతో మోపి, అది సడలకుండానే బేరింగును అటూ ఇటూ జరుపుతూ, లెక్కగట్టిన గరిష్ఠ కదలిక దాకా తీసుకుపోవాలి. బలానికీ కదలికకూ మధ్య గీసే గ్రాఫులో గీత వలయంలా వస్తుంది; ఆ వలయపు వాలు బేరింగు బిగువును, వైశాల్యం అది మింగిన శక్తిని తెలుపుతాయి. సగటు అంకె ఒక్కటి ఇచ్చి ఊరుకుంటే ఒప్పుకోవద్దు. అటూ ఇటూ జరిపిన ప్రతిసారీ వచ్చిన వలయమూ, జరిపిన వేగమూ ఉండాలి, ఎందుకంటే నిదానంగా జరిపితే అంతగా వేడెక్కని సీసం భూకంపపు వేగంలో వేడెక్కి మెత్తబడుతుంది. బరువు కింద పక్కలు ఎగుడుదిగుడుగా ఉబ్బితే లోపలి రేకులు జరిగాయని, లేదా అతుకు సరిగా పడలేదని అనుమానించాలి. పరీక్ష జరిగేటప్పుడు మీ తరఫు నిపుణుడు అక్కడ ఉండటం మంచిది: 2015లో జపాన్‌లో ఒక తయారీ సంస్థ పరీక్ష ఫలితాలను మార్చి రాసినట్టు బయటపడి, భవనాల కింద అప్పటికే బిగించిన బేరింగులను మార్చవలసి వచ్చింది.

అయితే, నా దృష్టిలో దీనికంటే ముందు తేలవలసింది మీ నేల సంగతి. బేరింగులపై భవనం రెండు మూడు సెకన్లకు ఒకసారి నెమ్మదిగా ఊగుతుంది. లోతైన మెత్తటి మట్టి కూడా అలాగే నెమ్మదిగా ఊగితే రెండూ కలిసి కదలిక పెరుగుతుంది. 1985లో వందల కిలోమీటర్ల దూరంలో పుట్టిన భూకంపానికి, పాత సరస్సు మట్టిపై ఉన్న మెక్సికో నగర భాగాలు దెబ్బతిన్నది ఇలాంటి ఊపు వల్లే. డెల్టాలో బంకమట్టికి తోడు నీరు నిండిన వదులు ఇసుక పొరలూ ఉంటాయి, గట్టి కుదుపుకు అవి ద్రవంలా మారవచ్చు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూమి కంపించిందన్నది మరవరాదు. కాబట్టి లోతైన బోర్లతో సాయిల్ టెస్టు చేయించి, ఆ నేలపై బేరింగులు తగునా, లేక పైల్ పునాదితో ఐఎస్ 13920 (భూకంపాన్ని తట్టుకునేలా కాంక్రీటులో కడ్డీలు అమర్చే భారత ప్రమాణం) ప్రకారం కడ్డీలు కట్టిన మామూలు కట్టడమే మేలా అని ఇంజనీరు గారిని లెక్కలతో సహా రాతపూర్వకంగా అడగండి.