ఒక్క లైసెన్సు కొని నాలుగు కంప్యూటర్లలో వాడితే?

ప్రశ్న: లాయరు గారూ, మాది కడప. నేనూ మా బావమరిదీ భాగస్తులుగా కాలువ పనులు, రోడ్డు పనులు సబ్‌కాంట్రాక్టుకు చేస్తుంటాం. పనుల షెడ్యూలుకు బార్ చార్టు (ఏ పని ఎప్పుడో గీతల్లో చూపే పట్టిక) కావాలంటే ఒక ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ కొన్నాం. తెచ్చిచ్చిన మనిషే ఏదో కీ (సాఫ్ట్‌వేర్‌ను తెరిచే కోడ్) కొట్టి నాలుగు కంప్యూటర్లలోనూ వేసిపోయినాడు. మిగతా మూడింటికీ కొందామంటే మా ఇంజినీర్లు ‘చార్టు గీసేదానికి ఇంత దుడ్డు పెట్టాల్నా అన్నా’ అంటారు. తలకింత అని నెలనెలా కట్టేది ఇంకా భారమంట. ఇప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ తరఫున ఢిల్లీ లాయర్ల నుంచి నోటీసు వచ్చింది. మా కంప్యూటర్ల జాబితా మమ్మల్నే ఇచ్చి, ఏడు రోజుల్లో సెటిల్ చేసుకోమంటున్నారు. పోలీసులు వస్తారా? ఉచిత సాఫ్ట్‌వేర్‌కు మారిపోతే సరిపోదా?

జవాబు: ధర గురించి మీ ఇంజినీర్లు అన్నదాన్ని నేను కాదనను. నెలకు నాలుగు బార్ చార్టులు తీసే ఆఫీసుకు అన్ని హంగులున్న సాఫ్ట్‌వేర్ నిజంగానే దండగ. కానీ అది వేరేది వెతుక్కోవడానికి కారణం అవుతుంది తప్ప, కోర్టులో జవాబు కాదు.

‘డబ్బిచ్చి కొన్నాం, మా ఇష్టం’ అని చాలామంది అనుకుంటారు. 1957 నాటి కాపీరైటు చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనల కిందే లెక్కగడుతుంది. పుస్తకం కొన్నంత మాత్రాన అచ్చువేసి పంచే హక్కు రాదు కదా, ఇదీ అంతే. పన్నుల వివాదమే అయినా, 2021లో ఇంజినీరింగ్ అనాలిసిస్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇలాంటి లైసెన్సు కొన్నవారికి కాపీరైటు హక్కేదీ బదిలీ కాదని చెప్పింది. పాడైతే పనికొస్తుందని బ్యాకప్ కాపీ దాచుకోవడానికి 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. మరో మూడు కంప్యూటర్లలో వేసి పని చేయించుకోవడానికి ఒప్పుకోదు.

ఇక పోలీసుల సంగతి. 63బి సెక్షన్ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. వ్యాపారానికి వాడని సందర్భంలో కోర్టు జైలు వేయకుండా వదలొచ్చు గానీ, మీది వ్యాపారమే. కాపీలను స్వాధీనం చేసుకునే అధికారం 64వ సెక్షన్ కింద ఎస్సైకి కూడా ఉంది. 69వ సెక్షన్ భాగస్వామ్య సంస్థలకూ వర్తిస్తుంది, కాబట్టి మీతోపాటు మీ బావమరిది కూడా వ్యవహారం చూస్తుంటే, తనకు తెలియదని తానే రుజువు చేసుకోవాలి. అందరి చూపూ పడేది ‘తెలిసీ’ అన్న మాట మీదే. ‘ఏదో కీ కొట్టినాడు’ అని నాకు రాసినట్టు ఇంకెక్కడా రాయకండి, ఫోన్లో అసలే అనకండి. అయితే నేను చూసినంతలో కంపెనీలకు కావలసింది మీ జైలు కాదు, డబ్బూ లైసెన్సుల అమ్మకమూ.

అందుకే నోటీసును చించెయ్యొద్దు, బెదిరి అడిగినంతా కట్టొద్దు. ఏడు రోజులన్నది వాళ్లు పెట్టుకున్న గడువు, చట్టం పెట్టింది కాదు. ముందు మీ లాయరు ద్వారా, ఆ ఢిల్లీ లాయర్లకు కంపెనీ ఇచ్చిన అధికార పత్రం చూపమనండి. జాబితా ఇవ్వాలా వద్దా అన్నది మీ లైసెన్సు ఒప్పందంలో తనిఖీ షరతు ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎవరూ చదవకుండా ‘ఒప్పుకుంటున్నాను’ అని నొక్కేది ఆ ఒప్పందాన్నే! ఐటీ చట్టం 10ఎ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న కారణంతో అది చెల్లకుండా పోదు. షరతు లేకపోతే బయటివాళ్లు ఆఫీసులోకి వచ్చి కంప్యూటర్లు తెరిచే హక్కు లేదు. కోర్టు లోకల్ కమిషనర్‌ను (తన తరఫున వచ్చి తనిఖీ చేసే మనిషిని) వేస్తే మాత్రం ఆపలేరు, అది మీకు ముందుగా చెప్పకుండా కూడా జరగొచ్చు. దావా ఢిల్లీలో వేయరులే అన్న ధీమా కూడా వద్దు. హక్కుదారు తాను వ్యాపారం చేసే చోటే దావా వేసుకోవడానికి 62వ సెక్షన్ వీలిస్తుంది.

మూడు కంప్యూటర్లలో వాడకం ఈరోజే ఆపండి. హార్డ్ డిస్కులు మాత్రం ఫార్మాట్ చేయించొద్దు. నోటీసు అందాక తుడిపేస్తే సాక్ష్యం మాయం చేశారంటారు. పాత షెడ్యూళ్లను వేరే ఫార్మాట్‌లో దించుకుని, కొన్న బిల్లు వెతికి పెట్టుకోండి. బిల్లులో నాలుగు అని ఉంటే కథ మారుతుంది, అమ్మినవాడి మీద మీరే దావా వేయొచ్చు. ఒకటే అని ఉంటే ఆ దారి మూసుకున్నట్టే. రాజీకి వస్తే ఆ డబ్బులోనే లైసెన్సులు కలిసి రావాలి, పాత వాడకంపై ఇక కేసులుండవని రాతలో ఉండాలి, చెల్లింపు బ్యాంకు ద్వారా జరగాలి.

ఉచిత సాఫ్ట్‌వేర్‌కు మారడం మంచిదే, కానీ నిన్నటి తప్పు దాంతో మాసిపోదు. గాంట్‌ప్రాజెక్ట్, ప్రాజెక్ట్‌లిబ్రే వంటి ఓపెన్ సోర్సు ప్రోగ్రాములను వ్యాపారానికి కూడా ఎన్ని కంప్యూటర్లలోనైనా పైసా కట్టకుండా వేసుకోవచ్చు. మీ పనికి అవి చాలనిపిస్తోంది. మీకు పని ఇచ్చిన ప్రధాన కాంట్రాక్టరు ప్రైమవేరా (డబ్బిచ్చి కొనే మరో షెడ్యూలు సాఫ్ట్‌వేర్) ఫైలే కావాలంటాడేమో ముందే అడగండి. ఇంటర్నెట్‌లో నడిచే కంపెనీల ‘ఫ్రీ ప్లాన్’ ఇలాంటిది కాదు. అక్కడ ఎందరు వాడొచ్చన్నది ఆ కంపెనీ ఇష్టం, రేపు మార్చొచ్చు. ఒక్క లాగిన్ కొని ఐదుగురు పంచుకోవడం కూడా సాధారణంగా ఒప్పందానికి విరుద్ధమే.