బీకాం చదివినా హెల్పరేనా?

ప్రశ్న: మా గుంటడు బీకాం పాసయ్యాడు. ఏజెంటుకి 1,20,000 కట్టి దోహా పంపించాం. అక్కడ హెల్పర్ పని, నెలకి 1,000 రియాళ్లు. మా వీధిలో టెన్త్ తప్పిన వెల్డర్ కుర్రాడికి అక్కడే 2,400 వస్తోంది. చదివించి తప్పు చేశామా? నాలుగేళ్లు ఓపిక పడితే జీతం పెరుగుతుందా?
– ఒక తల్లి, కంచిలి మండలం

జవాబు: తప్పేమీ చేయలేదమ్మా. నేను 26 ఏళ్లు ఐటీఐలో వెల్డింగ్ నేర్పాను. ఉద్దానం నుంచి గల్ఫ్ వెళ్లిన పిల్లల తల్లులు ఈ మాట నన్ను చాలాసార్లు అడిగారు, కళ్లనీళ్లతో.

దేశం దాటితే చదువు ధర పడిపోతుంది. ఇజ్రాయెల్‌కి వలస వచ్చినవాళ్ల జీతాలు పరిశీలించి రేచల్ ఫ్రీడ్‌బర్గ్ అనే ఆర్థికవేత్త 2000లో ఇదే చెప్పారు. అక్కడ చదివిన చదువుకి పలికిన జీతం, సొంత దేశంలో చదివినదానికి పలకలేదు. అయితే వచ్చాక అక్కడే ఇంకాస్త చదివినవాళ్లకి పాత చదువూ అక్కరకొచ్చింది. మీవాడికి పనికొచ్చేది ఈ రెండో మాట.

వెల్డర్ సంగతి వేరు. వెల్డర్లకి పెట్టే 6జీ అనే పైపు అతుకు టెస్టులో పైపుని 45 డిగ్రీల వాలులో బిగించేస్తారు. పైపు కదలదు, కుర్రాడే దాని చుట్టూ తిరుగుతూ, మోకాళ్ల మీద వంగి, తల వెనక్కి వాల్చి అతకాలి. ఆ అతుకు ఎక్స్‌రేలో పాసైతే మార్కుల లిస్టుతో పని లేదు. బీకాంని అలా బిగించి చూపించలేం కదా, దానికి కాగితాలే సాక్ష్యం.

ఇక ఓపిక సంగతి. అమెరికాకి వలస వెళ్లిన మగవాళ్లు 10, 15 ఏళ్లలో అక్కడివాళ్ల సంపాదనని అందుకుంటారని బ్యారీ చిజ్విక్ అనే ఆర్థికవేత్త 1978లో రాశారు. అది అక్కడే స్థిరపడి, భాష నేర్చుకుని, ఉద్యోగాలు మారినవాళ్ల లెక్క. గల్ఫ్ కాంట్రాక్టులో హెల్పర్ అని రాసి ఉంటే, ఊరికే కూర్చుంటే నాలుగేళ్ల తర్వాతా హెల్పరే. ఆ 1,000 రియాళ్లు 2021 మార్చి నుంచి ఖతార్‌లో అమలైన కనీస జీతం. కంపెనీ బస ఇవ్వకపోతే 500, తిండి పెట్టకపోతే 300 అదనంగా ఇవ్వాలి. అవి అందుతున్నాయో లేదో ఫోన్‌లో అడగండి.

డిగ్రీ సర్టిఫికెట్ మీ ఇంట్లోనే ఉండి ఉంటుంది. దానికి ఇక్కడ అటెస్టేషన్ చేయించి, మన విదేశాంగ శాఖ, ఖతార్ ఎంబసీ ముద్రలు వేయించండి. ఈలోగా అబ్బాయిని ఎక్సెల్, ఇంగ్లిష్ మీద కూర్చోమనండి. స్టోర్ కీపర్, టైమ్ కీపర్ పనులకి లెక్క తెలిసినవాళ్లు కావాలి. ఖతార్ 2020లో చట్టం మార్చింది, పాత యజమాని ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) లేకుండానే వేరే కంపెనీకి మారొచ్చు. పని చేసింది రెండేళ్లలోపైతే నెల, దాటితే రెండు నెలలు నోటీసు ఇవ్వాలి.

ఏజెంటు సంగతి చదివి బాధేసింది. రిజిస్టరైన ఏజెంటు తీసుకోగలిగింది 30,000, పైన జీఎస్టీ, అంతే. రసీదు ఉంటే పారేయకండి, ఫిర్యాదుకి అదే ఆధారం.