ఉచితం, ఊరికే, ఖాళీ: ‘ఫ్రీ’కి ఎన్ని తెలుగు మాటలు?

సందేహం: మాది పరకాలలో స్వీట్ షాపు. పండక్కి ‘కిలో కొంటే పావుకిలో ఉచితం’ అని బోర్డు పెట్టాం. మా వీధిలో ఉండే రిటైరైన హిందీ పండిట్ గారు చూసి, ‘ఉచితం అంటే తగినది అని అర్థం, మీరు రాసింది తప్పు’ అన్నారు. నిజమేనా? అసలు ‘ఫ్రీ’కి సరైన తెలుగు మాట ఒక్కటి చెప్తారా? ‘షుగర్ ఫ్రీ’ లడ్డూలకు కూడా అదే రాయొచ్చా? (ఒక పాఠకురాలు, పరకాల)

సమాధానం: మీ బోర్డులో తప్పేమీ లేదమ్మా, తీయకండి. పండిట్ గారు చెప్పింది సంస్కృతానికి, హిందీకి సరిపోతుంది. అక్కడ ఉచితం అంటే తగినది, యోగ్యమైనది. డబ్బు తీసుకోకుండా ఇచ్చేదాన్ని హిందీలో ముఫ్త్ అంటారు, కాస్త పెద్దమనిషి తరహాలో నిఃశుల్క్ అని రాస్తారు. తెలుగులో మాత్రం ఉచితానికి ‘వెల లేనిది’ అన్న అర్థం బాగా స్థిరపడిపోయింది. కన్నడంవాళ్లు కూడా ఈ అర్థంలో వాడుతారు. ఒక మాట ఇంకో భాషలోకి వచ్చాక, అక్కడి జనం దాన్ని ఎట్లా వాడితే అదే దాని అర్థం. హిందీలో ఉపన్యాస్ అంటే నవల, మనకు ఉపన్యాసం అంటే వేదికెక్కి మాట్లాడడం. వాళ్లకు శిక్షా అంటే చదువు, మనకు శిక్ష అంటే దండన. వీటిని ఎవరూ తప్పు పట్టరు, ఉచితాన్నీ పట్టనక్కర్లేదు.

పాత అర్థం మన దగ్గర పోలేదు, సమాసాల్లో బతికే ఉంది: సమయోచితం, సందర్భోచితం, సముచితం, అనుచితం. రాజుగారు మునిని ‘ఉచితాసనం’ మీద కూర్చోబెట్టాడని పాత కథల్లో చదువుతాం. అది ఆయన గౌరవానికి తగిన ఆసనం. ‘ఉచిత సలహా’ మాత్రం పూర్తిగా ఇప్పటి వాడుక. పాత లెక్కన తగిన సలహా కావాలి గానీ, మనం అనేది అడగకుండా ఇచ్చే సలహాను.

ఇక ‘ఫ్రీ’కి ఒక్క మాట అంటారా, అది దొరకదు, దొరక్కపోతే నష్టమూ లేదు. ఇంగ్లీషులో ఆ మాట మొదటి అర్థం ‘బానిస కానివాడు’. దాని మూలం మన ‘ప్రియ’ శబ్దానికి చుట్టమే. ఇంటివాళ్లు, ప్రియమైనవాళ్లు ఒక వైపు, బానిసలు ఇంకో వైపు. అట్లా ప్రియమైనవాడే స్వతంత్రుడయ్యాడు. ‘ఫ్రెండ్’ కూడా ఆ మూలం నుంచే పుట్టింది. కట్టుబాటు లేకపోవడం నుంచి అడ్డు లేకపోవడం, పని లేకపోవడం, ఖర్చు లేకపోవడం, ఇట్లా ఆ మాట విస్తరించింది. ఏది లేదో చూసుకుంటే తెలుగు మాట దానంతట అదే వస్తుంది.

మనం రోజూ వాడే ‘ఫ్రీగా’నే చూడండి. ‘ఫ్రీగా ఇచ్చారు’ అంటే డబ్బు తీసుకోలేదని. ‘సాయంత్రం ఫ్రీగా ఉన్నారా’ అంటే తీరిక ఉందా అని. ‘ఫ్రీగా మాట్లాడండి’ అంటే మొహమాటం వద్దని. అర్థాన్ని తేల్చేది పక్కనున్న క్రియ. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు కదా, హనుమకొండ బస్టాండులో ‘ఇది ఫ్రీ బస్సేనా?’ అంటే టికెట్ సంగతి. ‘బస్సు ఫ్రీగా ఉందా?’ అంటే సీట్ల సంగతి. రెండో చోట ‘ఖాళీగా ఉందా’ అంటే సరిపోతుంది. కానీ మనుషుల దగ్గర ఖాళీ కొంచెం జాగ్రత్తగా వాడాలి. పెద్దవాళ్లను ‘ఖాళీగా ఉన్నారా’ అని అడిగితే పనీపాటా లేదా అన్నట్టు ఉంటుంది. ‘తీరికగా ఉన్నారా’, ‘వీలవుతుందా’ అనడం మర్యాద. మన వైపు ‘పుర్సత్ ఉందా’ అన్నా బాగుంటుంది.

డబ్బు లేకుండా అనే అర్థానికి మన ఊళ్ల మాటలు నాకు చాలా ఇష్టం. ‘ఉత్తగ ఇచ్చిండు’ అంటే డబ్బు తీసుకోకుండా, ‘ఉత్తగ కూసున్నడు’ అంటే పని లేకుండా, ‘ఉత్త చేతులతో వచ్చిండు’ అంటే ఏమీ తేకుండా. ‘ఫ్రీ’ మోసే బరువులో సగం ఈ ఒక్క మాటే మోస్తుంది. ‘ఊరికే’ కూడా అంతే. బమ్మెర పోతన ‘ఊరక రారు మహాత్ములు’ అన్నప్పుడు అది కారణం లేకుండా అని. ఈరోజు ‘ఊరికే ఇచ్చారు’ అంటే వెల లేకుండా అని. ‘పుణ్యానికి వచ్చింది’ అంటే పైసా పెట్టకుండా, ‘ఉత్తపుణ్యానికి తిట్టిండు’ అంటే తప్పేమీ లేకున్నా. పుక్కట్ల అనే మాటలో మాత్రం కొంచెం చులకన ఉంది, బోర్డు మీదికి పనికిరాదు.

ఒక్కచోట ‘ఫ్రీ’ని అస్సలు రానీయొద్దు. దొరల కాలంలో మన పల్లెల్లో జనంతో జీతం లేకుండా చేయించుకున్న పనిని కొందరు ‘ఫ్రీగా చేయించుకున్నారు’ అని రాస్తున్నారు. దానికి మాట వెట్టి. కూలి లేదు, కాదనే స్వేచ్ఛా లేదు. ఆర్థికశాస్త్రంలో ‘ఫ్రీ లేబర్’ అంటే తనకు నచ్చినచోట పని చేసుకోగల కూలి, అంటే వెట్టికి సరిగ్గా ఎదురు. ఎన్నో కుటుంబాల బాధ ఉన్న మాటను తీసేసి, దాని ఎదురు అర్థం ఇచ్చే మాటను పెట్టడం అన్యాయం. అట్లాగే కంప్యూటర్ రంగంలో ‘ఫ్రీ సాఫ్ట్‌వేర్’ అంటే మార్చుకునే, పంచుకునే హక్కు ఇచ్చేది, తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. డబ్బు అడగని ప్రతిదీ అది కాదు.

లడ్డూల దగ్గర ఉచితం కుదరదు. అక్కడ ‘ఫ్రీ’ అంటే లేనిది. పోలియో రహితం, ప్లాస్టిక్ రహితం అన్నట్టు ‘చక్కెర రహితం’ అనొచ్చు గానీ, ‘చక్కెర లేని లడ్డూ’ అంటే ఎవరికైనా చప్పున అర్థమవుతుంది, నా ఓటు దానికే. అయితే మీరు ఖర్జూరమో బెల్లమో వేసి చేస్తుంటే ‘చక్కెర లేని’ అని రాయకండమ్మా. వాటిలో చక్కెర ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్లు ఆ బోర్డు నమ్మి తింటారు. ‘చక్కెర వేయని, ఖర్జూరంతో చేసిన లడ్డూ’ అని పూర్తిగా రాయండి.