ఎక్స్-రేలో ఏమీ లేదన్నారు, మరి ఈ దవడ నొప్పి టెన్షన్ వల్లేనా?

ఎనిమిది నెలలుగా కుడి దవడ నొప్పి, ఆవులిస్తే చెవి ముందు టక్ మని శబ్దం, ఎక్స్-రేలో ఏమీ లేదు. డాక్టరు గారు "స్ట్రెస్ తగ్గించుకోండి" అని పంపేశారు, ఇంట్లో వాళ్ళు "అంతా నీ మనసులోనే ఉంది" అంటున్నారు. ఇదీ మీరు రాసింది. చివర్లో "నేను నిజంగానే ఊహించుకుంటున్నానా?" అని అడిగారు. ముందు దానికి జవాబు చెప్తాను. లేదు. మీ నొప్పి నిజమైన నొప్పి. దానికీ టెన్షన్‌కీ సంబంధం ఉందన్నదీ నిజమే. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చని నాకు అర్థం కావడానికి నాలుగేళ్ళు పట్టింది. ఈలోగా రెండు మంచి పళ్ళు అరగదీయించుకున్నాను.

నేను హైస్కూల్లో తెలుగు చెప్తాను. మా అత్తగారికి పక్షవాతం వచ్చి మంచాన పడిన ఏడాది నాకు ఈ నొప్పి మొదలైంది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, ఆవిడకు ఒళ్ళు తుడిచి, టిఫిను తినిపించి, మందులు వేసి, బస్సెక్కి బడికెళ్ళి ఐదు పీరియడ్లు పాఠం చెప్పేదాన్ని. మొదట చెవిపోటు అనుకున్నాను. ఈఎన్‌టీ డాక్టరు చెవి శుభ్రంగా ఉందన్నారు. కణతలు లాగుతున్నాయని కళ్ళద్దాలు మార్పించాను. నాలుగో పీరియడ్ అయ్యేసరికి పద్యం గట్టిగా చదవలేక పిల్లలతో చదివించేదాన్ని. పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశాను. గారె కొరికితే దవడ పట్టేస్తుందని భయం, పక్కవాళ్ళకు ఆ శబ్దం వినిపిస్తుందేమోనని సిగ్గు. ఇంట్లోనేమో ఇంతమందికి చేస్తున్న మనిషికి నొప్పేమిటి, పనికి వంక కాకపోతే, అన్నట్టు చూసేవారు.

తర్వాత ఒక దంత వైద్యుడి దగ్గరికి వెళ్ళాను. ఊరు, పేరు అనవసరం. "పై పళ్ళు కింద పళ్ళతో సరిగ్గా కలవడం లేదు, అదే కారణం" అని రెండు దవడ పళ్ళు అరగదీశారు. నొప్పి తగ్గలేదు సరికదా, ఆ రెండు పళ్ళకూ చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటుంది, ఇప్పటికీ. పళ్ళ అమరికే కారణమన్న ఈ నమ్మకం చాలా పాతది. 1934లో అమెరికాలో జేమ్స్ కాస్టెన్ అనే చెవి, ముక్కు, గొంతు డాక్టరు, పళ్ళు ఊడిపోయి దవడ ఎక్కువగా మూసుకుపోవడం వల్లే చెవి చుట్టూ ఈ బాధలన్నీ వస్తున్నాయని రాశారు. దాని మీద ఎన్నో దశాబ్దాలు పళ్ళు సరిచేస్తూనే ఉన్నారు. కానీ 2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన మార్గదర్శకాలు దీర్ఘకాలపు దవడ నొప్పికి మొదటి వరసలో సూచించింది ఆలోచనల తీరును మార్చే కౌన్సెలింగ్, దవడ వ్యాయామాలు, చేత్తో కండరాలను వదులు చేసే ఫిజియోథెరపీ. అందుకే మీకు చెప్తున్నాను, మళ్ళీ వెనక్కి తీసుకోలేని పని ఏదీ తొందరపడి చేయించుకోకండి. పన్ను అరగదీస్తే తిరిగి రాదు.

టెన్షన్ దవడలోకి ఎలా వస్తుందో నాకు అర్థమైనంతవరకూ చెప్తాను. చెవి ముందు వేలు పెట్టి నోరు తెరవండి, కదిలే ఎముక తగులుతుంది. అదే దవడ కీలు. తలుపు బందులా తిరగడమే కాదు, ముందుకు జారుతుంది కూడా. మధ్యలో చిన్న మెత్తటి బిళ్ళ ఉంటుంది, అది కాస్త పక్కకు జరిగితే టక్ మంటుంది. నొప్పి లేని ఉత్త శబ్దం చాలామందికి ఉంటుంది, దానికి వైద్యం అక్కర్లేదు. నొప్పి ఎక్కువగా వచ్చేది నమిలే కండరాల నుంచి. తినేటప్పుడూ మింగేటప్పుడూ తప్ప పై పళ్ళు కింద పళ్ళకు తగలనవసరం లేదు. రోజు మొత్తం మీద కలిపినా అది 20 నిమిషాలకు మించదట. నావి గంటల తరబడి బిగిసి ఉండేవి, నాకు తెలియకుండానే. తెలుగులో మనం "పంటి బిగువున భరించాను" అంటాం కదా. అది ఉత్త మాట కాదు. నేను అక్షరాలా అదే చేస్తున్నాను.

ఇంకో తప్పు కూడా చేశాను, మీరూ చేస్తున్నారేమో చూసుకోండి. శబ్దం ఇంకా వస్తోందా లేదా అని గంటకోసారి దవడను అటూ ఇటూ కదిపి చూసుకునేదాన్ని. చెవి దగ్గర వేలు పెట్టుకుని వినేదాన్ని. రాత్రి పడుకుని "ఇక నోరు పూర్తిగా తెరుచుకోదేమో, ఉద్యోగం ఏమవుతుందో" అని లెక్కలు వేసేదాన్ని. నొప్పి మీదే కాపలా కూర్చుంటే మెదడు దాన్ని ఇంకా గట్టిగా వినిపిస్తుంది. నిద్ర పట్టదు. నిద్ర లేకపోతే మర్నాడు నొప్పి ఇంకా ఎక్కువ. అమెరికాలో 2006లో మొదలైన ఒపెరా అనే పెద్ద పరిశోధనలో, దవడ నొప్పి లేని 2,500 మందికి పైగా మనుషులను కొన్నేళ్ళపాటు గమనించారు. మానసిక ఒత్తిడి ఎక్కువున్నవాళ్ళకు, ఒంట్లో రకరకాల బాధలు ముందే ఉన్నవాళ్ళకు తర్వాత ఈ నొప్పి ఎక్కువగా వచ్చింది. నొప్పి మొదలయ్యే ముందే వాళ్ళ నిద్ర చెడుతూ వచ్చిందని కూడా తేలింది. అంటే నొప్పి వచ్చాక దిగులుపడటం ఒక్కటే కాదు, దారి రెండు వైపులా నడుస్తుంది.

నా దారి మళ్ళింది ఒక ప్రభుత్వ డెంటల్ కాలేజీలో. అక్కడ నోటి జబ్బులు చూసే ఓరల్ మెడిసిన్ విభాగంలో ఒక మేడమ్ నోట్లో చూడకముందే నా చేతికి కాగితాలిచ్చారు. రాత్రి ఎన్ని గంటలు పడుకుంటారు, నొప్పి వల్ల ఏ పనులు మానేశారు, ఎప్పుడైనా అంతా వ్యర్థం అనిపిస్తుందా, ఇలాంటి ప్రశ్నలు. నాకు కోపం వచ్చింది. నన్నూ పిచ్చిదాన్ని చేస్తున్నారనుకున్నాను. ఆవిడ ఓపిగ్గా చెప్పారు. ఇది అందరికీ ఇచ్చేదేనట. 1992లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి శామ్యూల్ డ్వార్కిన్, లిండా లెరెష్ ఈ జబ్బును రెండు వైపుల నుంచీ కొలవాలని ఒక పద్ధతి తయారుచేశారు. ఒక వైపు కీలు, కండరాలు. రెండో వైపు మనసు, నిద్ర, నొప్పి మన రోజును ఎంత తినేస్తోంది అన్నది. 2014లో దాన్ని సవరించారు. "షుగర్‌కు రక్తపరీక్ష ఎలాగో దీనికి ఈ కాగితాలు అలాగమ్మా" అన్నారావిడ. నాలుగేళ్ళలో నా ఇంటి సంగతి అడిగిన మొదటి డాక్టరు ఆవిడే. అక్కడే కూర్చుని ఏడ్చాను.

నాలుక అంచులు చూపించి, చూడండి, పళ్ళ గుర్తులు పడి వడ్డాణం అంచులా ఎలా ఉన్నాయో అన్నారు. తర్వాత ఇచ్చిన పని చాలా చిన్నది. బొట్టు బిళ్ళలు తీసుకుని కంటపడే చోటల్లా అంటించమన్నారు. గోడ గడియారం మీద, ఫ్రిజ్ మీద, ఫోన్ వెనక, బడిలో హాజరు పుస్తకం అట్ట మీద అంటించాను. బొట్టు కనపడినప్పుడల్లా పళ్ళు తగులుతున్నాయా అని చూసుకోవాలి. తగులుతుంటే "న" అనాలి. నాలుక కొస పై పళ్ళ వెనక ఆనుతుంది, పళ్ళు విడిపోతాయి, పెదవులు మాత్రం కలిసి ఉంటాయి. మొదటి వారం నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పదిసార్లు చూస్తే ఏడుసార్లు బిగబట్టే ఉన్నాను.

ఎప్పుడు బిగబడుతున్నానో కూడా రాయమన్నారు. ఒక ఆదివారం సాయంత్రం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. ఫోన్ మోగింది. మా బావగారు ప్రతి ఆదివారం చేస్తారు. "అమ్మను ఒకవైపే పడుకోబెట్టకండి, పుళ్ళు పడతాయి" అని చెప్తున్నారు. నేను "సరే బావగారూ" అంటున్నాను. చేతిలో చిక్కుడుకాయ రెండు ముక్కలైంది. ఫ్రిజ్ మీద బొట్టు కనపడింది. దవడ మీద చెయ్యి పెట్టి చూసుకుంటే అక్కడ రాయిలా ఉంది. ఆయన మంచివారే, తల్లి మీద ప్రేమ ఉన్నవారే. కానీ నాలుగేళ్ళలో ఒక్క రాత్రి వచ్చి ఆవిడ పక్కన పడుకోలేదు. నేను ఆ మాట ఎవరితోనూ అనలేదు. పెద్దవాళ్ళతో ఏమంటాం, నోరు మెదపకూడదని పెంచారు మనల్ని. ఆ మెదపని నోరే పట్టేసింది.

మీరు మీ ఉద్యోగం గురించి ఒక్క ముక్క రాశారు, ఇంట్లో వాళ్ళన్న ఆ మాట తప్ప ఇంటి గురించి ఏమీ రాయలేదు. ఇక్కడ రాయనక్కర్లేదు. కానీ ఏ ఫోన్ వస్తే, ఎవరు గదిలోకి వస్తే దవడ బిగుస్తుందో మీరు ఒకచోట రాసుకోండి. ఇంట్లో భయపడే పరిస్థితి ఉంటే మాత్రం అది కండరాల వ్యాయామంతో తీరేది కాదు, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. మనసు బాగా కుంగిపోయి ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు అక్కర్లేదు.

వైద్యం సంగతి. నేను చేసినవి వేడి గుడ్డ కాపడం, కొన్నాళ్ళు మెత్తటి తిండి, ఫిజియోథెరపిస్టు నేర్పిన దవడ వ్యాయామాలు, ఎనిమిది వారాల కౌన్సెలింగ్. రాత్రి పళ్ళకు తొడుక్కునే నైట్ గార్డ్ కూడా ఇచ్చారు. అది పళ్ళు అరగకుండా కాపాడుతుంది, పళ్ళు కొరకడాన్ని పూర్తిగా ఆపదని ముందే చెప్పారు. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందుల వల్ల కూడా పళ్ళు బిగబట్టడం ఎక్కువవుతుంది. మీరు అలాంటివి వాడుతుంటే సొంతంగా ఆపకుండా రాసిచ్చిన డాక్టరుతో మాట్లాడండి. అన్నీ టెన్షన్ ఖాతాలో వేయకూడదు కూడా. నోరు ఉన్నట్టుండి తెరుచుకోకపోతే, వాపు, జ్వరం, ముఖం మొద్దుబారడం ఉంటే వెంటనే చూపించుకోవాలి. నడిస్తే దవడ లాగి, ఆగితే తగ్గితే గుండెకు పరీక్ష చేయించాలి. యాభై దాటినవాళ్ళకు కొత్తగా కణత నొప్పి, నమిలితే దవడ నొప్పి, చూపు మసక కలిసి వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. గుట్కా, వక్కపొడి నమిలేవాళ్ళకు నోరు తెరుచుకోవడం తగ్గుతూ ఉంటే అది వేరే జబ్బు, ఆలస్యం చేయకూడదు.

ఇంట్లో వాళ్ళను ఎలా నమ్మించాలని అడిగారు. నేను చేసింది చెప్తాను. ఒక రాత్రి భోజనాలయ్యాక మా ఆయన్ని కూర్చోబెట్టి, ఆయన వేళ్ళు ఆయన చెంపల మీదే పెట్టించి, పళ్ళు గట్టిగా బిగించమన్నాను. కండరం ఉబ్బింది. "అలాగే ఉంచండి, గడియారం చూస్తాను" అన్నాను. నిమిషం దాటి రెండో నిమిషంలో వదిలేశారు, చెంప రుద్దుకున్నారు. "నేను పొద్దున్నుంచి రాత్రి దాకా అలాగే ఉంటున్నాను, నాలుగేళ్ళుగా" అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత బాల్కనీలోకి వెళ్ళి వాళ్ళన్నయ్యకు ఫోన్ చేశారు. "పగలు అమ్మకు ఆయాను పెడుతున్నాం, జీతంలో సగం నువ్వు పంపాలి. సంక్రాంతి సెలవులకు వచ్చి వారం రోజులు నువ్వే చూసుకోవాలి" అనడం వినిపించింది.