మోటార్‌హోమ్ కప్పు కారిందని 401(కె) మీద చెయ్యి వేయకండి

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. నాకు 41 ఏళ్లు, హెచ్-1బీ వర్క్ వీసా మీద ఐటీ ఉద్యోగం. నా భార్య హెచ్-4 ఈఏడీ (నా వీసా ఆధారంగా వచ్చిన పని అనుమతి) మీద పార్ట్‌టైమ్ చేస్తోంది. ఇద్దరు పిల్లలు. రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్ మోటార్‌హోమ్ కొన్నాం. దాని లోన్ ఇంకా 38,000 డాలర్లుంది. ఈ మధ్య వానలకు లోపలికి నీళ్లు దిగాయి. పైకప్పు గట్టర్ డ్రెయిన్లు ఆకులతో మూసుకుపోయాయని, మంచం పైన గోడ లోపల కుళ్లిందని షాపువాళ్లు 11,400 డాలర్ల ఎస్టిమేట్ ఇచ్చారు. ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ తిప్పికొట్టారు. బ్యాంకులో 3,200, ఈఎస్‌పీపీ (మా కంపెనీ ఉద్యోగులకు అమ్మే సొంత షేర్లు) 14,000, 401(కె) రిటైర్మెంట్ ఖాతాలో 96,000 డాలర్లు ఉన్నాయి. జులైలో ఎల్లోస్టోన్ ట్రిప్ బుక్ చేశాం. 401(కె) లోన్ తీసుకోనా? క్రెడిట్ కార్డు మీద పెట్టనా? స్నేహితులు నడిపే చీటీ పాడుకోనా? కారు టైటిల్ (యాజమాన్య పత్రం) మీద ఒక్క రోజులో లోన్ ఇస్తామని కూడా ఒకచోట చెప్పారు.

జవాబు: మొదటి మూడూ వద్దు. నాలుగోది, ఆ టైటిల్ లోన్, ఆలోచనలోకి కూడా రానివ్వకండి.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తాయి. ఒకరికి బోటు, ఒకరికి స్విమ్మింగ్ పూల్, మీకు మోటార్‌హోమ్. కొనేటప్పుడు నెలవారీ కిస్తీ కట్టగలమా లేదా అని మాత్రమే చూసుకుంటారు. కిస్తీ కట్టాక చేతిలో ఏం మిగులుతుందో, ఏదైనా పాడైతే ఎక్కడి నుంచి తేవాలో చూసుకోరు. మీ ప్రశ్నలో నన్ను భయపెట్టింది 11,400 కాదు, ఆ 3,200. నలుగురున్న ఇంటికి, అది కూడా వీసా మీద ఉన్న ఇంటికి, ఒక్క నెల ఖర్చు కూడా చేతిలో లేదు.

ఇంట్లో రెండు జీతాలున్నాయన్న ధైర్యం మీకు ఉండి ఉంటుంది. ఆ రెండూ ఒకే మేకుకు వేలాడుతున్నాయి. మీ ఉద్యోగం పోతే మీకు దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94 (మీరు ఇక్కడ ఉండటానికి ఇచ్చిన గడువు) అంతకన్నా ముందే ముగిసిపోతే అన్ని రోజులు కూడా ఉండవు. మీ భార్య పని అనుమతి మీ స్టేటస్ మీదే ఆధారపడి ఉంది. నిరుద్యోగ భృతి మీద ఆశ పెట్టుకోకండి. కొత్త స్పాన్సర్ దొరక్కపోతే లీజులు, స్కూళ్లు, టికెట్లు, సామాన్లు అన్నీ కొద్ది వారాల్లో తేల్చుకోవాలి. సిటిజన్‌కి మూడు నెలల ఎమర్జెన్సీ ఫండ్ సరిపోవచ్చు, మీకు ఆరు నెలలు కావాలి. మీ ఇంటి తప్పనిసరి ఖర్చు నెలకు 5,500 అనుకుంటే అది 33,000 డాలర్లు. మీరు ఏది అడిగినా నా జవాబు ఈ అంకె చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు ఆ 401(కె) లోన్ సంగతి. ‘నా డబ్బే కదా, వడ్డీ కూడా నాకే వస్తుంది’ అని అందరూ అంటారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లు ఆ లెక్క బాగానే కనిపిస్తుంది. ఉద్యోగం పోయిన రోజున చాలా ప్లాన్లు మిగిలిన బాకీని విత్‌డ్రాయల్ కింద లెక్కేస్తాయి. ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోగా అంత మొత్తం తెచ్చి ఐఆర్‌ఏ (సొంతంగా తెరుచుకునే రిటైర్మెంట్ ఖాతా)లో వేయగలిగితే సరే. లేకపోతే అది ఆదాయం అవుతుంది. మీకు 59న్నర ఏళ్లు నిండలేదు కాబట్టి దాని మీద 10 శాతం పెనాల్టీ కూడా. మీరు 22 శాతం శ్లాబులో ఉంటే 11,000 డాలర్ల బాకీకి 3,500 పైగా ప్రభుత్వానికి కట్టాలి. జీతం ఆగిన నెలల్లోనే ఆ బిల్లు వస్తుంది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు, అదీ చేతిలో డబ్బు లేకుండా, ఈ లోన్ జోలికి పోవడం నాకు అస్సలు నచ్చదు.

చీటీ సంగతి. మన ఊళ్లలో రిజిస్టర్డ్ చిట్‌కి 1982 నాటి చట్టం ఉంది, రిజిస్ట్రార్ ఉన్నాడు. డాలస్‌లో స్నేహితులు వాట్సాప్ గ్రూపులో నడిపే చీటీకి స్నేహమే పూచీ. ముందే పాడుకుంటే ఆ తర్వాత నెలనెలా కట్టాల్సింది అప్పే. మీ ఉద్యోగం పోతే ఆ కంతులు ఎవరు కడతారు? డబ్బుతోపాటు మనుషులూ పోతారు. క్రెడిట్ కార్డు అంటే 20 శాతం దాటిన వడ్డీ, దాని గురించి వేరే చెప్పక్కర్లేదు. ఇక టైటిల్ లోన్‌కి టెక్సస్‌లో ఏడాదికి లెక్కేస్తే 200 శాతం దాటిన ఖర్చు కొత్తేమీ కాదు. కట్టలేకపోతే మీరు ఆఫీసుకి వెళ్లే కారు పోతుంది. సెలవుల్లో తిరిగే బండి కోసం రోజూ ఉద్యోగానికి వెళ్లే కారు తాకట్టు పెట్టమని సలహా ఇచ్చినవాళ్లతో మళ్లీ మాట్లాడకండి.

ఇక బండి. ఇది గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్న కేసు. మీ ప్రాంతంలో లైవ్ ఓక్ చెట్లు శీతాకాలంలో కాదు, ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా ఆకు రాలుస్తాయి. వాటితోపాటు దారప్పోగుల్లాంటి పూత రాలుతుంది. ఆ పూత తడిసి ఆరితే గట్టర్ గాడిలో దళసరి చాపలా పేరుకుంటుంది. సరిగ్గా అప్పుడే ఉత్తర టెక్సస్‌లో పెద్ద వానలు మొదలవుతాయి. మీ బండిలో మూలల దగ్గర చిన్న రంధ్రం, దాని కింద గోడ లోపల నుంచి దిగే సన్న గొట్టం ఉన్నట్టు మీ ఫొటోల్లో కనిపిస్తోంది. రంధ్రం మూసుకుంటే గాడిలో నీళ్లు నిలుస్తాయి. నిలిచిన నీళ్లు కప్పు, గోడ కలిసే అతుకు ఎక్కి, పగిలిన సీలెంట్ సందుల్లో నుంచి, స్క్రూల దారిన ప్లైవుడ్‌లోకి దిగుతాయి. మీకు లోపల గోడ కాగితం ఉబ్బినట్టు కనిపించేసరికి అది చాలా వారాల పని.

ఆ చెత్త తీయడానికి పెద్ద ఖర్చేమీ లేదు. కప్పు ఆరి ఉన్నప్పుడు నిచ్చెన వేసి, ముందు చెత్తంతా చేత్తో పైకి ఎత్తేయండి. రంధ్రంలోకి నెట్టకండి. తర్వాత గడ్డి కోసే ట్రిమ్మర్‌లో వాడే నైలాన్ తీగ ముక్కను మెల్లగా దించి తిప్పండి. ఇనుప తీగ వద్దు, గొట్టం చిల్లు పడుతుంది. గాలి కంప్రెసర్ అసలే వద్దు. గోడ లోపల గొట్టం అతుకు ఊడితే బయటికి పోవాల్సిన నీరంతా గోడలోకే పోతుంది, మీకు తెలియను కూడా తెలియదు. ఆఖర్న తోట పైపుతో సన్నగా నీళ్లు వదిలి, కింద చాసిస్ దగ్గర ఎన్ని పోస్తే అన్ని వస్తున్నాయో లేదో ఒకరిని నిలబెట్టి చూడండి. ఏప్రిల్ చివర ఒకసారి, చలికి ముందు ఒకసారి చేస్తే చాలు. కప్పు మీద సీలెంట్ ఆర్నెల్లకోసారైనా చూసుకోవాలి.

ఇన్సూరెన్స్ వాళ్లు తిప్పికొట్టడంలో ఆశ్చర్యం లేదు. నెమ్మదిగా దిగిన నీరు, కుళ్లు, బూజు, మెయింటెనెన్స్ లోపం, ఇవి దాదాపు ప్రతి ఆర్‌వీ పాలసీలోనూ మినహాయింపులే. ‘ఫుల్ కవరేజ్’ అని మీరు కట్టిన డబ్బు వడగళ్లకు, చెట్టు కూలడానికి, యాక్సిడెంట్‌కు. ఒక్కటి మాత్రం అడగండి: వడగళ్లకు వెంట్ మూత గానీ కప్పు గానీ పగిలి అక్కడి నుంచి కూడా నీరు వచ్చిందా? టెక్నీషియన్ అలా కాగితం మీద రాసిస్తే ఆ భాగానికి మళ్లీ క్లెయిమ్ వేయొచ్చు. లేకపోతే వదిలేయండి.

డబ్బు ఇలా సర్దండి. ఈఎస్‌పీపీ షేర్లు అమ్మేయండి. ధర పడింది, ఆగుదామంటారు, నాకు తెలుసు. మీ జీతమూ మీ పొదుపూ ఒకే కంపెనీ చేతిలో ఉన్నాయి. ఆ కంపెనీకి చెడ్డరోజు వస్తే రెండూ ఒకేసారి పడతాయి. వచ్చిన డబ్బులోంచి 1,500 దాకా బండికి: లోపలి ప్యానెల్ విప్పించి ఆరబెట్టడం, కప్పు అతుకులకు కొత్త సీలెంట్. తడి ఆగి చెక్క పూర్తిగా ఆరితే కుళ్లు ముందుకు పాకదు, మిగతా పనికి తొందరేమీ ఉండదు. షేర్ల పన్ను పోను మిగిలిందంతా, ఉన్న 3,200తో కలిపి, ఎక్కువ వడ్డీ ఇచ్చే హై యీల్డ్ సేవింగ్స్ ఖాతాలో వేయండి. దాదాపు 15,000 అవుతుంది.

కంపెనీ మ్యాచ్ (మీరు వేసినదానికి తన వంతుగా కలిపేది) ఇచ్చేంతవరకే 401(కె)లో వేసి, పైన వేసేది కొన్నాళ్లు ఆపండి. పిల్లల 529 (చదువు కోసం పొదుపు ఖాతా) కూడా ఆపండి. రెండూ కలిపి నెలకు 900 మిగిలినా రెండు నెలల్లో మూడు నెలల ఖర్చు మార్కు దాటతారు. అది దాటాకే, వచ్చే పొదుపులో సగం రిపేర్‌కి, సగం ఫండ్‌కి. ఈలోగా ఇంకో రెండు షాపుల్లో ఎస్టిమేట్ తీసుకోండి. 11,400లో ఏది తప్పనిసరి, ఏది అందం కోసం అని విడిగా రాయించుకోండి.

ఎల్లోస్టోన్ ఈ ఏడాది మానుకోండి. గోడ లోపల బలం ఎంత పోయిందో తేలకుండా పిల్లల్ని ఎక్కించుకుని వెయ్యి మైళ్లకు పైగా ప్రయాణం నేను ఒప్పుకోను. బుకింగ్‌లో ఎంత వెనక్కి వస్తుందో ఈ వారమే కనుక్కోండి.

అమ్మే విషయం కూడా ఆలోచించండి. మీరు వేరే పేజీలో రాసిన లెక్క ప్రకారం కిస్తీ, ఇన్సూరెన్స్, స్టోరేజ్ కలిపి నెలకు 660 అవుతోంది. ఏడాదికి రెండు ట్రిప్పులు వేశామన్నారు. ఉన్నది ఉన్నట్టుగా ఎంత వస్తుందో, రిపేర్ చేస్తే ఎంత వస్తుందో ఇద్దరు డీలర్లను అడగండి. 38,000 బాకీకి వచ్చే ధర రెండు మూడు వేలు తక్కువైతే తేడా కట్టి వదిలించుకోండి. అంతకు మించితే ఇప్పుడు అమ్మకండి, తేడా కోసం మళ్లీ ఎమర్జెన్సీ ఫండ్‌కే చిల్లు పెట్టాల్సి వస్తుంది. అమ్మేటప్పుడు నీళ్లు దిగిన సంగతి దాచకుండా కాగితం మీద రాసి ఇవ్వండి. కొన్నవాళ్లు తర్వాత లాయర్‌తో వస్తే ఆ ఖర్చు ఈ రిపేర్ కన్నా ఎక్కువవుతుంది.